షష్టిపూర్తికి వెళ్ళి తరంగంబాడి చూసొచ్చాం, నాలుగు రోజుల ముచ్చట్లు

మాది కాకినాడ, జగన్నాథపురం. మొన్న ఫిబ్రవరిలో నాన్నకి అరవై నిండాయి. షష్టిపూర్తి ఇంట్లోనే చేద్దాం అని మేమనుకుంటుంటే అమ్మది ఒకటే పట్టు, తిరుక్కడయూర్‌లోనే చేసుకోవాలి అని. తమిళనాడులో కావేరి డెల్టాలో ఉంటుంది ఆ గుడి, మార్కండేయుడి కోసం శివుడు యముణ్ణి తన్నిన చోటు అంటారు, అందుకే అరవైకీ డెబ్భైకీ ఎనభైకీ దంపతులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికే వస్తారు, మన గోదావరి జిల్లాల వాళ్ళు కూడా ఈ మధ్య బాగానే వెళ్తున్నారు. రూముల కోసం వెతుకుతుంటే తెలిసింది, అక్కడికి ఏడెనిమిది కిలోమీటర్లలోనే తరంగంబాడి ఉందని. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో ఈ ఊరి గురించే "ట్రాంకెబార్ - డేన్స్" అని ఒక్క లైను, డేన్స్ అంటే డెన్మార్క్ వాళ్ళు, పరీక్ష అయిపోగానే మర్చిపోయిన లైను. సరే సముద్రం పక్కన ఉంటుంది కదా అని అక్కడే రూములు తీసుకున్నాం. వచ్చి నెల అవుతోంది, ఇప్పటికీ మా ఇంట్లో ఆ ఊరి మాటే నడుస్తోంది, ముఖ్యంగా అమ్మ. ఎందుకో మూడో రోజు దగ్గర చెప్తాను.

మొదటి రోజు

సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్నే చెన్నై ఎగ్మోర్‌లో దిగాం. అన్నయ్యా వదినా చెన్నైలోనే ఉంటారు, కారు వాళ్ళదే. టిఫిన్లు చేసి ఈసీఆర్, అదే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, పట్టుకున్నాం, మహాబలిపురం, పాండిచ్చేరి, కడలూరు, చిదంబరం, అలా దిగుకుంటూ పోవడమే. దూరం 280 కిలోమీటర్ల దాకా ఉంటుంది కానీ భోజనానికి ఒకసారి, కాఫీకి రెండుసార్లు, రోడ్డు పనులున్న చోటల్లా ఒకసారి ఆగుతూ వెళ్ళేసరికి సాయంత్రం అయిపోయింది. దారిలో రాయాల్సినంత సంగతి ఒక్కటే, కొల్లిడం.

చిదంబరం దాటి శీర్కాళి వెళ్ళేటప్పుడు కొల్లిడం నది మీద పెద్ద వంతెన వస్తుంది. నాన్న ఇరిగేషన్‌లో పనిచేస్తారు, కాలవలు లాకులు ఆనకట్టలు తప్ప ఇంకో లోకం తెలీని మనిషి. వంతెన దాటగానే "ఒరేయ్ పక్కకి ఆపు" అన్నారు. దిగి చూస్తే ఒడ్డు నుంచి ఒడ్డుకి ఇసక, మధ్యలో సన్నగా నీళ్ళు. "ధవళేశ్వరానికి ముందు కాటన్ దొర చెయ్యి తిరిగింది ఈ నది మీదేరా" అన్నారు. మాకెవరికీ తెలీదు ఆ సంగతి. శ్రీరంగం పైన కావేరి రెండుగా చీలుతుంది, ఒకటి కావేరి, ఒకటి కొల్లిడం. కొల్లిడం పల్లంలో ఉంటుంది, సూటిగా సముద్రంలోకి పోతుంది, దాంతో ఏటేటా నీళ్ళన్నీ అటే జారిపోయి కావేరి మేట వేసేసి తంజావూరు పొలాలు ఎండిపోయే పరిస్థితి వచ్చిందట. అప్పుడు 1836లో కాటన్ కొల్లిడం మీద ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఆనకట్టలు కట్టి నీళ్ళని మళ్ళీ కావేరి వైపు తిప్పాడు. లోతు తెలీని ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలి అన్నది ఆయన నేర్చుకుంది కల్లణై చూసి, అది కరికాల చోళుడు కట్టించాడని చెప్పే పాత ఆనకట్ట, దాదాపు రెండువేల ఏళ్ళ నాటిది. ఆ చదువుతోనే మన దగ్గరికొచ్చి 1847లో ధవళేశ్వరం మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. అంటే మా ఇంట్లో అన్నం కుండకీ ఈ ఇసకకీ లంకె ఉందన్నమాట. నాన్న అలా చాలాసేపు నిలబడి చూస్తూనే ఉన్నారు, అమ్మ "ఏమండీ చీకటి పడుతోంది" అనేదాకా.

తరంగంబాడిలోకి వెళ్ళాలంటే ఒక తెల్లటి గేటు కింద నుంచి వెళ్ళాలి. పైన 1792 అని ఉంటుంది, డెన్మార్క్ రాజు ముద్ర ఉంటుంది. అంతకు ముందున్న పాత గేటు పోతే ఇది కట్టారు. ఒకప్పుడు ఊరి చుట్టూ గోడ, ఆ గోడకి నేల వైపు దారి ఇదే. గేటు దాటితే నేరుగా ఒకటే వీధి, కింగ్ స్ట్రీట్, రెండు పక్కలా పెద్ద పెద్ద స్తంభాల అరుగుల ఇళ్ళు, చర్చిలు, ఆ వీధి చివర్న ఇంకేం లేదు, సముద్రమే. ఊరి అడ్డం మొత్తం నడిస్తే పది నిమిషాలు పట్టదు. మేం వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది, షాపుల్లేవు, హారన్లు లేవు, గేటు దగ్గరికే అలల చప్పుడు వినిపిస్తోంది. తరంగంబాడి అంటే అలలు పాడే ఊరు అని అర్థం చెప్తారు తమిళంలో, కానీ పాత శాసనంలో ఉన్న పేరు సడంగన్‌పాడి. డేన్స్ నోట్లో అది ట్రాంకెబార్ అయింది. ఆ రాత్రి కిటికీ తీసి పడుకుంటే మాత్రం మొదటి అర్థమే కరెక్ట్ అనిపించింది.

రెండో రోజు

తెల్లవారుజామున నాలుగింటికే లేచి తిరుక్కడయూర్. గుడిలో ఆ రోజు మాలాంటి జంటలు ఎన్నో, ఒక్కో స్తంభం దగ్గర ఒక్కో హోమం, పొగ, మంత్రాలు, అన్ని వైపుల నుంచీ సన్నాయి. గోపూజ అయ్యింది, కలశాల నీళ్ళతో అమ్మకీ నాన్నకీ స్నానం చేయించాం, అమృతఘటేశ్వరుడి దగ్గరా అభిరామి అమ్మవారి దగ్గరా దండలు మార్చుకున్నారు, మళ్ళీ మూడు ముళ్ళు వేస్తుంటే నాన్న చేతులు వణికాయి. అమ్మ ఉప్పాడ జామ్‌దానీ కట్టుకుంది, నీళ్ళకి తడిసి ముద్దయిపోయినా మార్చుకోనంది. ఇంట్లో వాళ్ళకి తప్ప వేరేవాళ్ళకి ఇంతకంటే చెప్పేదేముంది. పదకొండింటికల్లా రూముకొచ్చేశాం, పెద్దవాళ్ళు పడుకున్నారు, ఎండ తగ్గాక అందరం కలిసి కోటకి వెళ్ళాం.

కోట పేరు డాన్స్‌బోర్గ్. సముద్రానికి ఎదురుగా, లేత పసుపు రంగు గోడలతో, రెండంతస్తులు. పెద్ద కోట ఏమీ కాదు, మన గోల్కొండ చూసిన కళ్ళకి చిన్న ఇల్లులా ఉంటుంది. కింద సైనికుల గదులు, వంటిల్లు, సరుకు గోడౌన్లు, జైలు. పైన గవర్నర్ ఉండేవాడు. ఇప్పుడు తమిళనాడు పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, రాజుల ముద్రలున్న నాణేలు, పింగాణీ, పాత పత్రాల కాపీలు. ఒకప్పుడు చుట్టూ కందకం ఉండేదట, సముద్రం వైపు బయటి గోడని నీళ్ళే తీసుకుపోయాయి.

ఇక అసలు కథ. డెన్మార్క్‌లో 1616లో ఈస్ట్ ఇండియా కంపెనీ పెట్టారు, ఇంగ్లీషు వాళ్ళనీ డచ్చి వాళ్ళనీ చూసి. 1618లో ఓవె గ్యెడ్డె అనే ఇరవై నాలుగేళ్ళు కూడా నిండని కుర్రాణ్ణి నాయకుడిగా పెట్టి ఓడలు పంపారు. వాళ్ళు రావాలనుకున్నది ఇక్కడికి కానే కాదు, సిలోన్‌కి. క్యాండీ రాజుకి పోర్చుగీసు వాళ్ళతో గొడవ, సాయం చేస్తే వ్యాపారం ఇస్తాడని ఆశ. తీరా వచ్చేసరికి ఆ బేరం కుదరలేదు. ముందుగా వచ్చిన ఒక ఓడని కారైక్కాల్ దగ్గర పోర్చుగీసు వాళ్ళు ముంచేశారు, అందులో ఉన్న రోలాండ్ క్రాపె అనేవాడు బతికి బయటపడి తంజావూరు రాజు దగ్గరికి చేరాడు. ఓడ మునిగిన మనిషి రాజు దగ్గర కూర్చుని తమ దేశానికి ఒక ఊరు అడిగాడు, ఆ రాజు ఇచ్చాడు. 1620 నవంబర్‌లో ఒప్పందం అయింది. ఏడాదికి 3,111 రూపాయల కౌలు.

ఆ రాజు ఎవరో చదివినప్పుడు నేను మ్యూజియంలో గట్టిగా "అన్నయ్యా" అని పిలిచాను. రఘునాథ నాయకుడు. మన రఘునాథ నాయకుడే, తెలుగులో కావ్యాలు రాసినవాడు, చేమకూర వెంకటకవి విజయవిలాసం అంకితం పుచ్చుకున్నవాడు. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కి ఆయన పంపిన పత్రం బంగారు రేకు మీద ఉంటుంది, తాటాకు ఆకారంలో కత్తిరించిన రేకు, ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లో వాళ్ళ నేషనల్ ఆర్కైవ్స్‌లో దాచారు. విషయం అంతా తమిళంలో, కింద సంతకం మాత్రం తెలుగులో. నాలుగు వందల ఏళ్ళుగా ఎక్కడో చలి దేశంలో బంగారు రేకు మీద ఒక తెలుగు సంతకం అలా ఉండిపోయిందంటే నాకు ఒళ్ళు జలదరించింది. తమిళ దేశాన్ని ఏలుతూ ప్రజలకి అర్థమయ్యే భాషలో పత్రం రాయించి తన పేరు మాత్రం ఇంట్లో మాట్లాడే భాషలో పెట్టుకున్నాడు ఆయన. ఇంకోటి, వీళ్ళు ఇక్కడ కుదురుకున్నాక 1625 ప్రాంతంలో మన మచిలీపట్నంలో కూడా ఫ్యాక్టరీ, అంటే వర్తక స్థావరం, పెట్టారు, అప్పట్లో ఈ కోస్తాలో అంత రద్దీ రేవు బందరే మరి.

కోటలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన కథ ఇంకోటుంది. యూరప్‌లో ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో దూరి డెన్మార్క్ దివాళా తీసింది. 1640 తర్వాత ఇక్కడికి ఓడలు రావడం ఆగిపోయింది. ఒక ఏడాది రెండేళ్ళు కాదు, దాదాపు ఇరవై తొమ్మిదేళ్ళు. కంపెనీయే 1650లో రద్దయిపోయింది, ఆ కబురు కూడా వీళ్ళకి సరిగా చేరి ఉండదు. ఉన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే జ్వరాలొచ్చి పోయారు. 1655కల్లా కోట బాధ్యత ఎస్కిల్ ఆండర్సన్ కొంగ్స్‌బక్కె అనే మామూలు మనిషి మీద పడింది, గొప్పింటి వాడు కాదు, పెద్ద ఆఫీసరూ కాదు. జీతం లేదు, ఉత్తరం లేదు, కౌలు బాకీ పడితే తంజావూరు సైన్యం వచ్చి ముట్టడి వేస్తుంది, చివరికి ఊళ్ళో మిగిలిన డేన్ అతనొక్కడే. స్థానిక సైనికులతో కలిసి కోట నిలబెట్టుకున్నాడు, బెంగాల్ ఓడల మీద పడి దోచిన డబ్బుతో జీతాలిచ్చాడు, ఊరి చుట్టూ గోడ కట్టించాడు. అంటే మేం నిన్న గేటు కింద నుంచి దాటొచ్చిన ఆ గోడ వరస మొదలైంది అతని చేతుల మీదే. 1669లో ఫేరో అనే ఓడ కనిపించింది. వచ్చినవాళ్ళు అసలు ఇక్కడ మన జెండా ఇంకా ఉంటుందా అనుకుంటూ వచ్చారు, ఉంది.

పై అంతస్తులో సముద్రం వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. రోజూ పొద్దున లేచి ఇటే చూసి ఉంటాడు కదా, తెరచాప కనిపిస్తుందేమో అని. అతను ఓడలు దోచాడు, ఆ ఓడల్లో వాళ్ళకి అతను దొంగే, అది మర్చిపోకూడదు. అయినా అన్ని వేల పొద్దులు అలా చూసిన మనిషిని తల్చుకుంటే మనసు బరువెక్కింది. వదిన వచ్చి గేటు మూసేస్తున్నారట అని చెప్తే లేచాను.

రాత్రి ఇడియాప్పం, చేపల కుళంబు. అమ్మానాన్నలకి వ్రతం లాంటి రోజు కాబట్టి పెరుగన్నం.

మూడో రోజు

అమ్మే లేపింది, సూర్యోదయం చూద్దాం రా అని. కింగ్ స్ట్రీట్ చివర్న కుడి వైపు కోట, ఎడమ వైపు ఒడ్డు మీదే మాసిలామణినాథర్ గుడి. 1306లో మారవర్మ కులశేఖర పాండ్యుడి కాలంలో కట్టింది, పాత పేరు సడంగన్‌పాడి అని తెలిసింది ఈ గుడి శాసనం వల్లే. అంటే డేన్స్ వచ్చేసరికే ఈ గుడికి మూడు వందల ఏళ్ళు దాటాయి, వాళ్ళు వచ్చి ఊరు పెట్టలేదు, ఉన్న ఊరికి వచ్చారు. ఈ గుడికి ముందు భాగం లేదు. సముద్రం తినేసింది. కొంత ఈ మధ్య మళ్ళీ కట్టారు, కొత్త రాయి కొత్తగానే తెలుస్తుంది, అలలు కొట్టకుండా ముందర పెద్ద పెద్ద బండలు పోశారు. ఆ బండల మధ్య చెక్కిన రాళ్ళు కూడా అక్కడక్కడా కనిపించాయి.

అమ్మ అక్కడ ఆగిపోయింది. ఏమీ మాట్లాడలేదు కాసేపు. మా అమ్మమ్మ వాళ్ళది ఉప్పాడ. కాకినాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలీనివాళ్ళకి చెప్తున్నా, ఉప్పాడలో సముద్రం ప్రతి ఏడూ ఊళ్ళోకొస్తోంది, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో, గుళ్ళు పోయాయి, ఇళ్ళ వరసలే పోయాయి. అమ్మ పుట్టిన ఇల్లు, పక్కన వేపచెట్టు, మగ్గం గుంట, అన్నీ ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి. నేను చిన్నప్పుడు ఆ ఇంట్లో ఆడుకున్న గుర్తు కొంచెం ఉంది, అంతే. జియోట్యూబ్ గోడ, అంటే ఇసక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచుల గోడ, వేశారు, అదీ కొన్నాళ్ళే నిలిచింది.

అప్పుడే వలలు సర్దుకుంటూ ఒక పెద్దావిడ అటుగా వస్తే అమ్మ వదిన చేత అడిగించింది, అక్కా, సముద్రం ముందు ఎంత దూరంలో ఉండేది అని. ఆవిడ తలెత్తి నీళ్ళ వైపు చెయ్యి చాపి దూరంగా ఒక చోటు చూపించింది, మా అత్త కాలంలో అక్కడిదాకా ఇసకే, పడవలు అక్కడ పెట్టేవాళ్ళు అంది. అమ్మకి తమిళం రాదు, కానీ ఆ చెయ్యి చూపించడం అర్థమైంది, ఎందుకంటే ఉప్పాడలో ఎవర్ని అడిగినా అచ్చం అలాగే చూపిస్తారు. తర్వాత ఆవిడ సునామీ మాట ఎత్తింది. 2004 డిసెంబర్ 26. ఈ జిల్లా అప్పుడు నాగపట్టణం జిల్లాలో భాగం, ఆ ఒక్క జిల్లాలోనే ఆరువేల మంది పైన పోయారు, ఈ చిన్న ఊళ్ళో కూడా వందల్లో. ఒడ్డున ఉన్న వాళ్ళకి తర్వాత లోపలికి ఇళ్ళు కట్టించి ఇచ్చారట, కానీ పని ఇక్కడే కదా, రోజూ నడిచి రావాలి అంది. ఆ రోజు ఎవరెవర్ని పోగొట్టుకుందో ఆవిడ చెప్పింది, అది ఇక్కడ రాయను.

నాన్నని అడిగాను, ఎందుకు ఇలా కొన్ని చోట్లే తింటుంది అని. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నా. మన తూర్పు తీరం వెంబడి ఇసక ఒక నదిలా నడుస్తూ ఉంటుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాలప్పుడు కొన్నాళ్ళు వెనక్కి. నదులు తెచ్చే ఒండ్రు దానికి మేత. పైన డ్యాములు కడితే మేత తగ్గుతుంది. మధ్యలో రేవు కోసం రాళ్ళ గోడ వేస్తే దానికి దక్షిణం వైపు ఇసక పోగుపడుతుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. కాకినాడకైతే ఇంకోటుంది, గోదావరి మేటతో పెరిగిన ఇసక తిన్నె, హోప్ ఐలాండ్, ఊరికి అడ్డంగా నిలబడి కాకినాడని కాపాడుతుంది, దాని చాటు లేని ఉప్పాడ మీద అలల జోరంతా పడుతుంది. "మనల్ని కాసేదే వాళ్ళకి గండం" అన్నారు. ఇరవై ఏళ్ళుగా అత్తారి ఊరు కరిగిపోవడం చూస్తూ ఈ మాట నాన్న ఎప్పుడూ మా దగ్గర అనలేదు.

తరంగంబాడికి అసలు రేవు అనదగ్గ రేవే లేదు. చెన్నై పాత రోజుల్లాగే తీరం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, దక్షిణాన ఉప్పనార్ అనే చిన్న పాయ కలుస్తుంది అంతే. ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకునీ మనుషుల్నీ మసూలా పడవల్లో తెచ్చేవాళ్ళు, మేకుల్లేకుండా పలకల్ని కొబ్బరి తాళ్ళతో కుట్టిన పడవలు, అల కొడితే వంగుతాయి గానీ విరగవు. ఇంత ఇబ్బందైన ఊరు 225 ఏళ్ళు ఎలా నడిచిందంటే వెనక ఉన్న కావేరి డెల్టా, అక్కడి వరి, అక్కడి నేతగాళ్ళ బట్ట.

టిఫిన్ తర్వాత వీధులు తిరిగాం. క్వీన్ స్ట్రీట్, అడ్మిరల్ స్ట్రీట్, గోల్డ్‌స్మిత్ స్ట్రీట్, పేర్లింకా అవే. జయాన్ చర్చి 1701ది. ఎదురుగా కొంచెం దూరంలో న్యూ జెరూసలేం చర్చి 1718ది. న్యూ అని ఎందుకంటే 1707లో కట్టిన మొదటి జెరూసలేం చర్చిని కూడా సముద్రమే పాడు చేసింది. అమ్మ ఇది వినగానే "చూశావా" అంది.

రెండు జెరూసలేం చర్చిలూ కట్టించింది బార్తొలొమేయుస్ జీగెన్‌బాల్గ్, 1706 జులై 9న ఇక్కడ దిగిన జర్మన్ మిషనరీ. ఊరి పిల్లలతో పాటు ఇసకలో వేలితో రాస్తూ తమిళం నేర్చుకున్నాడని చెప్తారు. ఊళ్ళో ఉన్న డేనిష్ గవర్నర్‌కే అతనంటే పడలేదు, 1708లో పట్టుకుని నాలుగు నెలలు కోటలో ఖైదు చేశాడు, నిన్న మేం చూసిన కోటలోనే. జర్మనీలో హాలే అనే ఊరి నుంచి తమిళ అచ్చు అక్షరాలు తెప్పించి 1713 నాటికి ఇక్కడ ప్రెస్సు నడిపారు. ఆ అక్షరాలు మరీ పెద్దవి, కాగితం బాగా తినేస్తున్నాయి, అందుకని ఇక్కడే చిన్న అక్షరాలు పోత పోశారు, సీసం దొరక్క జున్ను డబ్బాల సీసం మూతలు కరిగించారట. పక్క ఊరు పొరైయార్‌లో కాగితం మిల్లు పెట్టారు. తమిళంలో కొత్త నిబంధన అలా అచ్చయింది. మనిషి ముప్ఫై ఆరేళ్ళకే పోయాడు, 1719లో, ఈ చర్చిలోనే సమాధి.

అతను పోయిన ఏడాదే బెంజమిన్ షుల్జ్ అనే ఇంకో జర్మన్ వచ్చాడు. మనకి కావాల్సింది ఇతను. ఇక్కడ కొన్నేళ్ళుండి మద్రాసు వెళ్ళాడు, అక్కడ తెలుగు వాళ్ళు కనిపించారు, తెలుగు నేర్చుకుని 1728 నాటికి వ్యాకరణమే రాశాడు. తిరిగి జర్మనీ వెళ్ళాక హాలేలో తెలుగు అక్షరాలు పోత పోయించి 1746, 47లో చిన్న చిన్న క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు అవే అంటారు. మన దేశం నేల మీద కూడా కాదు, ఎక్కడో జర్మనీలో.

ఇంకొకాయన కథ మా జగన్నాథపురం దాకా వస్తుంది, ఇది నేను ఇంటికొచ్చి కూడా మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్, బాల్టిక్ తీరం వాడు, మొక్కలకి రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దగ్గర చదివిన డాక్టరు. 1768లో ఇక్కడి మిషన్‌కి వైద్యుడిగా వచ్చి రోగుల్ని చూస్తూనే చెట్లూ చేమలూ ఏరడం మొదలుపెట్టాడు. ఈ దేశం మొక్కలకి లిన్నేయస్ పద్ధతిలో పేర్లు పెట్టడం అంటూ మొదలైంది దాదాపు ఈ ఊళ్ళోనే. తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర చేరాడు, సయాం దాకా తిరిగొచ్చాడు. మన కరివేపాకుకి పుస్తకాల్లో ముర్రయా కోనిగై అని ఉంటుంది చూడండి, ఆ కోనిగ్ ఇతనే. 1785లో మన వైపు ప్రయాణంలో విరేచనాలు పట్టుకుని కాకినాడ జగన్నాథపురంలో పోయాడు, సామర్లకోటలో ఉండే రాక్స్‌బర్గ్, ఆయనా మొక్కల శాస్త్రవేత్తే, దగ్గరుండి చూసుకున్నా దక్కలేదు. నేను పుట్టి పెరిగిన పేట అది. రోజూ పోపులో వేసే ఆకు పేరు వెనక మనిషి మా పేటలో కన్నుమూశాడని తెలుసుకోవడానికి 900 కిలోమీటర్లు రావాల్సొచ్చింది. వదిన వెంటనే చర్చి పక్క సందులో ఒక పెరట్లో ఉన్న కరివేపాకు చెట్టు చూపించింది, ఇంటావిడ్ని అడిగి ఒక రెమ్మ తుంచుకున్నాను, డైరీలో ఉంది ఇప్పుడు.

సాయంత్రం మళ్ళీ ఒడ్డుకి. ఈ ఊరు ఎలా సద్దుమణిగిందో అన్నయ్య చదివి వినిపించాడు. యూరప్‌లో నెపోలియన్ యుద్ధాలప్పుడు 1808లో ఇంగ్లీషు వాళ్ళు ఆక్రమించారు, 1815లో తిరిగిచ్చారు, అప్పటికే వ్యాపారం పోయింది. 1845లో తరంగంబాడినీ బెంగాల్లో సేరంపూర్‌నీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి అమ్మేశారు. కొన్నాళ్ళు తంజావూరు కలెక్టర్ ఇక్కడే ఉండేవాడు. 1861లో రైలు నాగపట్టణానికి పడింది, దాంతో రద్దీ అంతా అటు వెళ్ళిపోయింది. ఇక్కడికి తర్వాతెప్పుడో మాయవరం నుంచి మీటర్‌గేజ్ లైను వచ్చింది, అదీ మూసేశారు. అందరూ వదిలేయడం వల్లే ఈ వీధులు ఇలా మిగిలాయి అనిపిస్తుంది, ఆ మధ్య కొన్ని ఇళ్ళు చక్కగా బాగు చేశారు కూడా. మా జగన్నాథపురంలో డచ్చి వాళ్ళ కాలం ఇల్లు ఒక్కటైనా ఇలా నిలబెట్టుకుని ఉంటే ఎంత బావుండేది. ఇది కోపం కాదు, బాధ.

నాలుగో రోజు

రూము ఖాళీ చేసి ఉత్తరానికి పూంపుహార్ వెళ్ళాం, ఇరవై కిలోమీటర్లుంటుంది. కావేరి సముద్రంలో కలిసే చోటు. నాన్న కోసమే ఇది. దారిలో కీళయూర్ దగ్గర ఒకటుంది, 1960లలో తవ్వితే ఇటుకలతో కట్టిన పడవల రేవు బయటపడింది, పాతిన కర్రలతో సహా, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటిదని లెక్క కట్టారు. ఇప్పుడది సముద్రానికి లోపల నేల మీదుంది. పూంపుహారేమో చోళుల మహా పట్నం, శిలప్పదికారం కథలోని కణ్ణగి కోవలన్ల ఊరు, దానిలో చాలా భాగం నీళ్ళ కిందకి పోయిందని చెప్పి గోవా నుంచి సముద్ర శాస్త్రవేత్తలు వచ్చి 1981 నుంచి డైవింగ్ చేసి వెతికారు. ఒకే ఊళ్ళో రేవు నేలయింది, పట్నం నీళ్ళయింది. అమ్మ దాని గురించే అడుగుతూ ఉంది కార్లో.

కావేరి నోటి దగ్గరికొచ్చాక నాన్న "ఇంతేనా" అన్నారు. అంతర్వేది దగ్గర గోదారిని చూసినవాళ్ళకి అది నమ్మబుద్ధి కాదు, మన పెద్ద కాలవంత ఉంది. 800 కిలోమీటర్లు నడిచొచ్చిన నది, కల్లణై దగ్గర పంచుకున్నారు, కొల్లిడానికి వరద పోయింది, మిగతాది వెణ్ణారుకీ పిల్ల కాలవలకీ పొలాలకీ పోయింది, ఇక్కడికి చేరేసరికి పేరు మాత్రం మిగిలింది. నాన్న మొహం చూస్తే బాధ లేదు, "ఊళ్ళకి పెట్టి వచ్చిందిరా" అన్నారు.

షష్టిపూర్తి దండలు పారే నీళ్ళలో వదలాలని అమ్మ సంచీలో తెచ్చింది. ఇద్దరూ మోకాళ్ళ లోతు దిగి వదిలారు. దండలు సముద్రం వైపు పోలేదు, నెమ్మదిగా నదిలోకి, పైకి, మా వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టాయి. అమ్మ కంగారు పడింది, అశుభమేమో అని. నాన్న నీళ్ళ వంక చూసి "పోటు మీదుంది, తిరగాలి" అన్నారు. అలా అని ఎవరం కారెక్కలేదు, ఒడ్డున ఉన్న తాటాకు కొట్టు నీడలో కూర్చున్నాం, వదిన పులిహోర పొట్లాలు విప్పింది. గంటన్నర తర్వాత ఒడ్డు పక్క తడి గీత కిందికి దిగింది, నీళ్ళు ఆగినట్టయి తర్వాత అటు తిరిగాయి. ముందు నాన్నది కదిలింది, కాసేపటికి అమ్మది. అల తెల్లగా విరిగే చోటు దాటేదాకా అమ్మ నిలబడే ఉంది.

ఒంటిగంటకి చెన్నై దారి పట్టాం.